బోర్డు ఆఖర్న కొనండి: పాతకాలపు హోమ్ కంప్యూటర్‌ను బుల్లి బోర్డు మీద నడపాలంటే ఏది ఎంచుకోవాలి?

అనంతపురం టవర్‌క్లాక్ దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటర్ మూసేస్తూ సామాను అమ్మేస్తుంటే, రెండు పాత మానిటర్లు, నాలుగు కీబోర్డులు ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చాను. మా ఆవిడ గుమ్మంలోనే నిలబడి, "ఈ గుజిరీ సామాను ఎక్కడ పెడదామని?" అంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఇప్పుడు ఆ మానిటర్లలో ఒకటి 1982 నాటి హోమ్ కంప్యూటర్ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్, రెండోది ఆ పూట నా బుద్ధి ఎటు పోతే అది. వాటి వెనకాల ఉన్న అసలు కంప్యూటర్ అగ్గిపెట్టె కన్నా పెద్దదేమీ కాదు.

కాలేజీలో పిల్లలు, తోటి లెక్చరర్లు వచ్చి అడిగేది ఒకటే: "సార్, ఏ బోర్డు కొనాలి?" అక్కడే తప్పు మొదలవుతుంది. నేనూ అదే తప్పు చేసి మూడు బోర్డులు కొన్నాను, అందులో ఒకటి ఇప్పుడు మళ్లీ డబ్బాలోకే వెళ్లిపోయింది. ముందు చూడాల్సింది మీ ఇంట్లో ఏ తెర ఉంది, ఏ కీబోర్డు ఉంది అన్నది. ఆ తర్వాత, మీరు బతికించాలనుకుంటున్న పాత కంప్యూటర్ ఏది అన్నది. ఈ రెండూ తేలితే బోర్డు దానంతట అదే తేలిపోతుంది.

తెర సంగతి

మైక్రోకంట్రోలర్ బోర్డు అంటే ఒక్క చిప్పు మీద నడిచే బుల్లి కంప్యూటర్, ల్యాప్‌టాప్ కాదు. దానికి హెచ్‌డీఎంఐ సాకెట్ ఉండదు, గ్రాఫిక్స్ కార్డు ఉండదు. తెర మీద ప్రతి చుక్కనూ పిన్నుల మీద వోల్టేజీ పెంచుతూ దించుతూ ప్రోగ్రామే గీయాలి. కాబట్టి తెర మారితే పని మొత్తం మారిపోతుంది.

నీలం రంగు పదిహేను పిన్నుల వీజీఏ మానిటర్ ఉంటే మీరు అదృష్టవంతులు. పాత సామాను కొట్లలో ఇవి ఇంకా దొరుకుతున్నాయి, ఎవరూ కొనరు కాబట్టి చవక. వీజీఏ పని ఎంత సులువంటే, రంగుల తీగ ఒక్కొక్కటి 0.7 వోల్టు అడుగుతుంది. మానిటర్ లోపల 75 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. బోర్డు ఇచ్చేది 3.3 వోల్టులు. మధ్యలో 270 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే లెక్క సరిపోతుంది. ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలతో ఈ లెక్క చేయించాను, ఓమ్ సూత్రానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలానికి ఒక్కో రెసిస్టర్ చొప్పున పెడితే ఎనిమిది రంగులు. స్పెక్ట్రమ్‌లో మామూలు రంగు, కాంతివంతమైన రంగు అని రెండు రకాలున్నాయి, అవీ కావాలంటే రంగుకు రెండేసి పిన్నులు ఇవ్వాలి.

హెచ్‌డీఎంఐ టీవీ మాత్రమే ఉంటే కథ వేరు. 640×480 చిత్రానికి సెకనుకు రెండున్నర కోట్ల చుక్కలు పంపాలి, ఒక్కో చుక్కకు తీగకు పది బిట్లు. అంటే తీగ మీద సెకనుకు పాతిక కోట్ల బిట్లు. మామూలు బోర్డుకు ఇది చిన్న బరువేమీ కాదు. మోసే బోర్డులు ఉన్నాయి, చెబుతాను.

ఇంకా పాత డబ్బా టీవీ, పసుపు రంగు వీడియో జాక్ ఉన్నది, అటక మీద ఉంటే దాన్ని పారేయకండి. ఈ ఆటలు పుట్టిందే ఆ తెర కోసం. ఎల్‌ఈడీ టీవీలో గళ్లు గళ్లుగా కనిపించే బొమ్మ దాని మీద మెత్తగా కలిసిపోతుంది. దీనికి ఒక్క బోర్డే సరిగ్గా సరిపోతుంది: పాత ఈఎస్‌పీ32. దానిలో డిజిటల్ అంకెను నేరుగా వోల్టేజీగా మార్చే ముక్కలు రెండున్నాయి, 25, 26 నంబరు పిన్నుల మీద. 25 నుంచి ఒక తీగ లాగి టీవీ జాక్‌కు ఇస్తే, సరైన ప్రోగ్రాం ఉంటే, రంగుల బొమ్మ వస్తుంది. కొత్తగా వచ్చిందని ఈఎస్‌పీ32-ఎస్3 కొన్నారనుకోండి, అందులో ఆ ముక్కలు లేవు. కొత్తది పాతదానికన్నా మెరుగు అనే నమ్మకం ఇక్కడ పనికిరాదు.

కీబోర్డు తలనొప్పి

దీని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. ఊదా రంగు గుండ్రటి పిన్ను ఉన్న పీఎస్/2 కీబోర్డుతో మాట్లాడటం బోర్డుకు తేలిక, రెండే తీగలు. కానీ ఆ కీబోర్డు 5 వోల్టులది, ఈ బోర్డుల పిన్నులు 3.3కు మించి తట్టుకోవు. నేరుగా కలిపితే ఈరోజు పనిచేస్తుంది, రేపు పిన్ను చచ్చిపోతుంది. మధ్యలో వోల్టేజీ దించే ఏర్పాటు ఉండాలి.

యూఎస్‌బీ కీబోర్డుకైతే బోర్డులో యూఎస్‌బీ హోస్ట్ సౌకర్యం, అంటే కీబోర్డు లాంటివాటిని తనకు తగిలించుకుని నడిపే వీలు, ఉండాలి. పాత ఈఎస్‌పీ32లో అది లేనే లేదు. రాస్ప్‌బెర్రీ పై వాళ్ల పికో బోర్డులో ఉంది, కానీ ఉన్నది ఒక్కటే యూఎస్‌బీ రంధ్రం. దాన్ని కీబోర్డుకు ఇచ్చేస్తే కరెంటు ఎటు నుంచి? పక్కనున్న పిన్నుకు 5 వోల్టులు ఇవ్వాలి. మొదటిసారి ఈ సంగతి తెలియక ఒక సాయంత్రమంతా కీబోర్డు లైటు వెలగలేదని కీబోర్డును తిట్టుకున్నాను. ఇంకో మాట: చిన్న అడాప్టర్ తగిలించి యూఎస్‌బీ కీబోర్డును పీఎస్/2 చేసేయొచ్చు అంటారు. రెండు భాషలూ వచ్చిన పాత కీబోర్డులకే అది కుదురుతుంది. కొత్తవాటిలో చాలావాటికి పాత భాష రాదు.

ఏ కంప్యూటర్‌ను బతికించాలి?

స్పెక్ట్రమ్‌తో మొదలుపెట్టండి. ఇది అభిమానంతో చెప్పే మాట కాదు, లెక్క. దాని జెడ్80 ప్రాసెసర్ వేగం 3.5 మెగాహెర్ట్జ్. పికో అసలు వేగం 133. అంటే జెడ్80 ఒక్క టిక్కు వేసేలోపు పికోకు 38 టిక్కులు దొరుకుతాయి. జెడ్80లో అతి చిన్న ఆదేశానికే నాలుగు టిక్కులు పడతాయి కాబట్టి, ఒక్కో ఆదేశాన్ని నటించడానికి మన బోర్డుకు నూట యాభై టిక్కుల వ్యవధి ఉంది. ఇది దండిగా సరిపోతుంది. జ్ఞాపకశక్తి కూడా అంతే: 48 కేబీ ర్యామ్, 16 కేబీ రామ్ (ROM, కంప్యూటర్ సొంత ప్రోగ్రాం చెరగకుండా ఉండే) చిప్పు, మొత్తం 64. తెర మొత్తానికి 6,912 బైట్లు. ఈ రోజుల్లో వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మ దీనికన్నా ఎన్నో రెట్లు పెద్దది.

రామ్ ఫైళ్ల హక్కుల విషయంలోనూ స్పెక్ట్రమ్‌తో చిక్కు లేదు. స్పెక్ట్రమ్‌ను చేసిన సింక్లెయిర్ కంప్యూటర్ల వ్యాపారాన్ని 1986లో కొన్న ఆమ్‌స్ట్రాడ్ కంపెనీ, ఎమ్యులేటర్లతో (పాత కంప్యూటర్‌గా నటించే ప్రోగ్రాములతో) ఆ రామ్‌లను పంచుకోవడానికి తర్వాత అనుమతి ఇచ్చింది. కమోడోర్ 64 రామ్‌లకు ఇప్పటికీ హక్కుదారులున్నారు.

కమోడోర్ 64 మీద మనసు పడేవాళ్లు చాలామంది. ప్రాసెసర్ చూస్తే ఒక మెగాహెర్ట్జే కదా, ఇంకా సులువు అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. అసలు కష్టం ప్రాసెసర్‌లో లేదు. తెరను గీసే విక్-2 చిప్పు ఎనిమిది గీతలకు ఒకసారి ప్రాసెసర్‌ను పక్కకు నెట్టి నలభై టిక్కులు లాక్కుంటుంది. ఆటలు రాసినవాళ్లు ఆ లాగుడును కూడా లెక్కపెట్టి ప్రోగ్రాం రాశారు. మీరు ఆ లెక్క తప్పితే తెర మీద బొమ్మ చీలిపోతుంది. శబ్దం చేసే సిడ్ చిప్పులో అనలాగ్ ఫిల్టర్లు, ఒక చిప్పుకూ మరో చిప్పుకూ స్వరమే తేడా. ఇదంతా దాటినా ఇంకొకటి ఉంది: దాని 1541 ఫ్లాపీ డ్రైవ్ లోపల మరో ప్రాసెసర్, రెండు కేబీ ర్యామ్ ఉన్నాయి. అంటే ఆ డ్రైవ్ కూడా ఒక కంప్యూటరే. ఆటను తొందరగా ఎక్కించుకోవడానికి ప్రోగ్రాములు ఆ రెండో కంప్యూటర్‌లో కూడా తమ కోడ్ దూర్చేవి. కాబట్టి కమోడోర్‌ను పూర్తిగా బతికించడమంటే రెండు కంప్యూటర్లను ఒకేసారి, ఒకే తాళానికి నడిపించడం. ఒక జోడెడ్లకు బదులు రెండు జోడెడ్లను ఒకే పగ్గంతో దున్నించినట్టు.

బీబీసీ మైక్రో సంగతి మన దేశానికి దగ్గరిది. 1984-85లో మొదలైన క్లాస్ పథకం కింద మన బడుల్లోకి వచ్చిన కంప్యూటర్ అదే. మా పెదనాన్న పనిచేసిన స్కూల్లో అది ఉన్న గదికి ఎప్పుడూ తాళమే. ఏడాదికోసారి ఇన్‌స్పెక్షన్‌కు తెరిచి దుమ్ము దులిపేవారట. దాని 6502 ప్రాసెసర్ 2 మెగాహెర్ట్జ్, మోడల్ బి ర్యామ్ 32 కేబీ. గ్రాహమ్ శాండర్సన్ దీని ఎమ్యులేటర్‌ను పికో మీదకు తెచ్చారు. పికోలో ఏముందో చూపించడానికి ఇంతకన్నా మంచి నమూనా లేదు. మీ ఇంట్లోనూ ఎవరికైనా తాళం వేసిన గది జ్ఞాపకాలుంటే దీన్ని ప్రయత్నించండి. కొత్తవాళ్లు దీంతో మొదలుపెట్టాలని మాత్రం నేను చెప్పను.

ఇక బోర్డులు

పికో 2021 జనవరిలో నాలుగు డాలర్ల ధరకు వచ్చింది. రెండు కోర్లు, 264 కేబీ ర్యామ్. దాని అసలు బలం పీఐఓ అనే భాగం: పిన్నులను ఊపడం తప్ప మరో పని లేని ఎనిమిది బుల్లి యంత్రాలు. తెర గీసే చాకిరీ వాటికి అప్పగిస్తే ఒక కోరు చిత్రాన్ని సిద్ధం చేస్తుంది, రెండోది జెడ్80గా నటిస్తుంది. హెచ్‌డీఎంఐ కావాలంటే దీన్ని 252 మెగాహెర్ట్జ్‌కు తోలాలి, పైన చెప్పిన పాతిక కోట్ల బిట్ల లెక్క కోసం. దాదాపు రెట్టింపు వేగం. అనంతపురం మే నెలలో ఇలా తోలితే ఏమవుతుందోనని నాకు టెన్షన్‌గానే ఉండేది. ఫ్యాను వేడిగాలి కొట్టే మధ్యాహ్నాల్లో గంటలకొద్దీ నడిపాను, వేలు పెడితే గోరువెచ్చగా ఉందంతే.

2024 ఆగస్టులో వచ్చిన పికో 2 ధర ఐదు డాలర్లు. ర్యామ్ 520 కేబీ, కోర్లు బలమైనవి, పీఐఓ యంత్రాలు పన్నెండు. అన్నిటికన్నా ముఖ్యం, హెచ్‌ఎస్‌టీఎక్స్ అనే భాగం హెచ్‌డీఎంఐకి కావలసిన వేగాన్ని బోర్డును అదిలించకుండానే అందిస్తుంది. అయితే అది 12 నుంచి 19 వరకు ఉన్న పిన్నుల మీదే పనిచేస్తుంది. మీరు దించుకునే ప్రోగ్రాం ఏ పిన్నులు అడుగుతోందో చూడకుండా సోల్డరింగ్ ఇనుము చేత పట్టకండి. మొదట వచ్చిన చిప్పుల్లో ఒక లోపం కూడా ఉంది: పిన్నును లోపలి నిరోధంతో సున్నాకు దించితే అది మధ్యలో ఇరుక్కుపోతుంది. బయట 8.2 కిలో ఓమ్‌లకు మించని రెసిస్టర్ పెడితే సరి. జాయ్‌స్టిక్ బటన్ నొక్కకుండానే నొక్కినట్టు చూపిస్తుంటే ఇదే కారణం అనుకోండి.

రెండిట్లో ఏది అంటే, హెచ్‌డీఎంఐ టీవీ ఉన్నవాళ్లకు పికో 2. ధరలో తేడా ఒక ప్లేటు ఉగ్గాని బజ్జీ లెక్కలోకి వస్తుంది, దాని కోసం పాతది కొనడం దండగ. వీజీఏ మానిటర్‌తో స్పెక్ట్రమ్ ఒక్కటే చాలనుకునేవాళ్లకు, ఇంట్లో పాత పికో ఇప్పటికే ఉంటే, కొత్తది అక్కర్లేదు.

ఈఎస్‌పీ32 జాతిలో మన పనికి పుట్టినట్టుండేది లిలీగో వాళ్ల వీజీఏ32 బోర్డు. వీజీఏ సాకెట్, కీబోర్డుకు మౌస్‌కు రెండు పీఎస్/2 సాకెట్లు, శబ్దానికి జాక్, మెమరీ కార్డు గాడి, అన్నీ దాని మీదే. ఒక్క తీగ సోల్డర్ చేయనక్కర్లేదు, వోల్టేజీ తలనొప్పి అదే చూసుకుంటుంది. దీనికి ఫాబ్రిజియో డి విట్టోరియో రాసిన ఫ్యాబ్‌జీఎల్ లైబ్రరీ ప్రాణం. దానితో ఆల్టెయిర్ 8800, విక్-20 అనే పాత కంప్యూటర్లు, పాత 8086 పీసీ కూడా నడుస్తాయి. స్పెక్ట్రమ్‌కు ఈఎస్‌పెక్ట్రమ్ అనే ప్రోగ్రాం విడిగా ఉంది, 48కే, 128కే రెండూ చేస్తుంది. ఇంటర్నెట్ సెంటర్ మానిటర్, కీబోర్డు తెచ్చుకున్న నాలాంటివాడికి ఇంతకన్నా సరిజోడు లేదు.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. బోర్డులో అదనపు మెమరీ, పీఎస్‌ర్యామ్, ఉందని రాతపూర్వకంగా అడిగి కొనండి. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు నాకు పంపిన ఈఎస్‌పీ32 బోర్డులో అది లేదు, వివరాల్లో మాత్రం ఉందని రాశాడు. చిన్న చిన్న ప్రోగ్రాములు నడవడంతో నెల తర్వాత గానీ నాకు తెలియలేదు. పీసీ ఎమ్యులేటర్ వేయబోతే మెమరీ లేదని మొండికేసింది. అప్పటికి వాపసు గడువు దాటిపోయింది. మళ్లీ డబ్బాలోకి వెళ్లిన బోర్డు అన్నాను చూడండి, అదే ఇది.

టీన్సీ 4.1 అనే మరో బోర్డు గురించి రెండు మాటలు చాలు. 600 మెగాహెర్ట్జ్, ఒక ఎంబీ ర్యామ్, కార్డు గాడి. బలవంతుడే. జాన్-మార్క్ హార్వెంట్ చేసిన ఎంసీయూఎంఈ ప్రోగ్రాముల గుత్తితో కమోడోర్ 64, అటారీ 800 నుంచి అటారీ ఎస్‌టీ దాకా ప్రయత్నించొచ్చు. ధర ముప్పై డాలర్ల పైచిలుకు, పికో ధరకు ఏడెనిమిది రెట్లు. ఆ డబ్బుతో మైక్రోకంట్రోలర్ కాని రాస్ప్‌బెర్రీ పై జీరో 2 కొని కమోడోర్ నడిపించుకోవడమే తెలివైన పని అని నా అభిప్రాయం. మైక్రోకంట్రోలర్ మీదే చేయాలన్న పంతం ఉంటే టీన్సీ.

పై జీరోను ఎందుకు మొదటే చెప్పలేదని అడుగుతారేమో. అది లినక్స్ నడిపే పూర్తి కంప్యూటర్. చెయ్యని పని లేదు. కానీ స్విచ్ వేశాక తెర వచ్చేసరికి టీ పెట్టుకురావచ్చు. పైగా మా వీధిలో ఎండాకాలం కరెంటు చెప్పకుండా పోతుంది. లినక్స్ కార్డు మీద ఏదో రాస్తుండగా కరెంటు పోతే కార్డు చెడిపోయే ప్రమాదముంది. మైక్రోకంట్రోలర్‌కు ఆ బాధ లేదు, ప్రోగ్రాం చిప్పు పక్కనే ఫ్లాష్‌లో ఉంటుంది, కరెంటు రాగానే ఒకటి రెండు సెకన్లలో మళ్లీ అదే తెర. అసలు స్పెక్ట్రమ్ కూడా అంతే కదా, స్విచ్ వేస్తే సిద్ధం. ఈ గుణం కోసమే నేను చిన్న బోర్డుల వైపు మొగ్గాను.

ఆర్డునో యూనో, బ్లూ పిల్ బోర్డులు ఇంట్లో ఉన్నాయి, వాటితో కాదా? కాదు. యూనోలో ఉన్నది రెండు కేబీ ర్యామ్, బ్లూ పిల్‌లో ఇరవై. స్పెక్ట్రమ్ తన 48 ఎక్కడ పెట్టుకోవాలి?

కొన్నాక ఎదురయ్యేవి

స్పెక్ట్రమ్ సెకనుకు యాభై చిత్రాలు గీస్తుంది, మన మానిటర్లు అరవై కోరతాయి. ప్రోగ్రాంలో యాభై ఎంచుకుంటే కొన్ని మానిటర్లు ఒప్పుకుంటాయి, కొన్ని తెర నల్లగా పెట్టి అలుగుతాయి. నా రెండు మానిటర్లలో ఒకటి ఒప్పుకుంది, ఒకటి లేదు, రెండూ ఒకే కంపెనీవి. అరవైలో పెడితే ఆట నడుస్తుంది, కానీ పక్కకు జరిగే బొమ్మలు అక్కడక్కడా తుళ్లుతాయి. హెచ్‌డీఎంఐ వాడేవాళ్లు శబ్దం కూడా ఆ తీగలోనే వస్తుందనుకోవద్దు. చాలా ప్రోగ్రాముల్లో శబ్దానికి వేరే పిన్ను, వేరే స్పీకరు.

మా అక్క కొడుకు, తొమ్మిదో తరగతి, సెలవులకు కడప నుంచి వచ్చి దాని ముందు కూర్చున్నాడు. పి నొక్కగానే తెర మీద పి బదులు ప్రింట్ అనే మాట మొత్తం వచ్చింది. "మామా, ఇది చెడిపోయిందే!" అన్నాడు. చెడిపోలేదు, స్పెక్ట్రమ్ తీరే అంత. ఒక్కో మీటకు బేసిక్ అనే దాని ప్రోగ్రామింగ్ భాషలోని ఒక్కో ఆదేశం. జె నొక్కితే లోడ్. అసలు కీబోర్డు మీద ఇవన్నీ అచ్చు వేసి ఉండేవి, మన కీబోర్డు మీద ఉండవు. ఆ బొమ్మను ఒక పేజీకి ప్రింటు తీసి మానిటర్ పక్కన అంటించండి. ఇది చెయ్యక విసిగిపోయి వదిలేసినవాళ్లను నేను ఎరుగుదును.

వాడు వారం రోజుల్లో ఆటలు వదిలేసి అక్షరాల మీద పడ్డాడు. స్పెక్ట్రమ్‌లో మనం సొంతంగా గీసుకునే అక్షరాలకు ఇరవై ఒక్క గళ్లుంటాయి, ఒక్కోటి ఎనిమిది చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు. గళ్ల నోటుబుక్కులో 'అ' గీసి, ఒక్కో వరసను అంకెగా మార్చి, అంకెను నేరుగా మెమరీలో రాసే పోక్ ఆదేశంతో ఎక్కించాడు. అ కుదిరింది. ర, గ కుదిరాయి. తన పేరులోని 'శ్రీ' దగ్గర ఆగిపోయాడు. "ఎనిమిదిట్లో ఇది యాడ పడుతుంది మామా?" అని రెండు పూటలు కుస్తీ పట్టి, చివరికి మూడు గళ్లు పక్కపక్కన, మూడు గళ్లు కింద పేర్చి సాధించాడు. ఇరవై ఒక్క గళ్లలో ఆరు ఒక్క 'శ్రీ'కే పోయాయి.

కరెంటు పోయినప్పుడు పవర్ బ్యాంకు మీద నడపాలని చూస్తే ముప్పై సెకన్లకే ఆరిపోతోందని వాడే కనిపెట్టాడు. బోర్డు లాగే కరెంటు మరీ తక్కువై, ఏదీ తగిలించలేదనుకుని పవర్ బ్యాంకు పడుకుంటోంది. దాని రెండో రంధ్రానికి ఒక చిన్న యూఎస్‌బీ లైటు తగిలించాం. ఇప్పుడు ఆరడం లేదు, చీకట్లో కీబోర్డు కూడా కనిపిస్తోంది.